కలందాను

నాకు లెక్కలు చదవడం వచ్చు.
అబిడ్స్‌లో, మూడో అంతస్తులో, ఇరవై రెండేళ్లుగా
ఇతరుల అంకెల పక్కన ఎర్ర టిక్కు పెట్టడం నా కొలువు.
అందుకే మేనత్త పోయాక
ఆమె ట్రంకుపెట్టె అడుగున దొరికిన చిట్టాను
అందరూ వద్దంటే నేను తెచ్చుకున్నాను.

ఎర్రగుడ్డ అట్ట. ఎండు వేపాకు వాసన.
ఫసలీ పన్నెండు వందల పది.
కార్వాన్‌లో బుచ్చిలింగం సాహుకారు కోఠీ.
రాసింది మా గుమాస్తా తాత పేరయ్య.
ఎన్ని తరాల వెనకటి తాతో
చెప్పగలిగిన మేనత్త ఇప్పుడు లేదు.
చేతిరాత చూస్తే మాత్రం
తప్పు చేసే మనిషి కాదనిపిస్తుంది.

మొదటి పుటలన్నీ బందరు.
నీలిగళ్ల గుడ్డ, నలభై మూటలు.
ముందు అప్పు, ఆ తర్వాతే నేత:
సాలె జగ్గన్నకు బయానా పది వరహాలు.
మగ్గం దిగకముందే ఆ గుడ్డ జగ్గన్నది కాదు,
బందరు దొరది.
దొరకు లండనులో ఇంకో దొర పూచీ,
ఆ దొరకు సముద్రం అవతల ఇంకెవరో.
హుండీ మీద హుండీ,
చూసిన తొంభై రోజులకు చెల్లు.

'గినీ గుడ్డ' అని రాశాడు తాత.
గినీ ఎక్కడుందో ఎవరినైనా అడిగాడా?
అక్కడి రేవులో ఈ మూటలు విప్పి
బారలు కొలిచి
మనుషుల్ని తీసుకున్నారని,
ఆ మనుషులు ఇంకో గట్టున చెరకు నరికితే
చెరకు చక్కెరై, చక్కెర కాగితమై,
ఆ కాగితమే లండను మీదుగా తిరిగొచ్చి
మళ్లీ జగ్గన్న అరచేతిలో బయానాగా పడిందని
ఆయనకెవరు చెప్పాలి?
మూట ఓడెక్కగానే
చిట్టాకు చూపు ఆనదు.

నేనూ అక్కడే ఆగేదాన్ని.
'ఇది మా పరిశీలన పరిధిలోకి రాదు' అని
ఎన్ని రిపోర్టుల కింద సంతకం పెట్టలేదు నేను.

పుట తిప్పితే
ఇంకో సముద్రం మీదుగా సరుకు దిగింది.

అత్తరు, మూడు కుప్పెలు.
ఖర్జూరం, ఆరు బుట్టలు.
హబ్షీ కుర్రాడు, ఒకడు. ఈడు తొమ్మిది. పళ్లు బాగున్నవి.
పేరు మర్జాన్.

మర్జాన్ అంటే పగడం.
సరుకుల పేర్లే పెట్టేవాళ్లట,
అంబర్, కాఫూర్, యాకూత్,
పిలిచినప్పుడల్లా ధర గుర్తొచ్చేలా.
వాళ్లమ్మ పెట్టిన పేరుకు
ఈ పుస్తకంలో గడి లేదు.
నెల తిరక్కుండా ఇంకో పద్దు:
'కుర్రాడు దేవిడీకి నజరు.
బదులు రెండు గ్రామాల ఇజారా.'

రాత్రి కూర్చుని అంతా కూడాను.
రెండుసార్లు.
ఒక్క దమ్మిడీ తేడా లేదు.
ఇంత శుభ్రమైన పుస్తకం
నా సర్వీసులో చూడలేదు.

ఉగాది నాటి ఆఖరి పద్దు:
'గుమాస్తా పేరయ్యకు ఇనాం,
వెండి కలందాను ఒకటి.'

అది మా ఇంట్లోనే ఉంది.
దసరాకు చింతపండుతో తోముతాం.
నాకు ఓనమాలు దిద్దించినప్పుడు
పలక పక్కన పెట్టింది దాన్నే.

మొన్న మాసాబ్ ట్యాంక్ దగ్గర బారాత్ అడ్డమొచ్చింది.
ఏసీ గార్డ్స్ మర్ఫా వాళ్లు.
పెద్దవాళ్ల వెనక ఒక పిల్లాడు,
తొమ్మిదేళ్లుంటాయేమో,
నిద్రమొహంతో, దెబ్బ తప్పకుండా వాయిస్తున్నాడు.
గల్లీ మలుపులో ఎవరో ఆమె మేడ మీంచి పిలిచింది.
అంత మోతలో నాకా పేరు వినపడలేదు.
వాడికి వినపడింది.
పుల్లలు ఆపి, తలెత్తి చూశాడు.

ఈ ఉదయం కలందాను పాత చున్నీలో చుట్టి
పాట్ మార్కెట్‌కు తీసుకెళ్లాను.
కాటా మీద పెట్టి,
సొట్టను గోటితో గీకి,
పదమూడు తులాలు, అన్నాడతను.
అమ్మకమా, తాకట్టా?
ఊరికే తూకం చూద్దామని, అన్నాను.
తూకానికైనా చీటీ ఉండాలమ్మా,
ఎవరి పేరు మీద రాయను?

నా వెనక నిలబడ్డాయన
రెండోసారి దగ్గాడు.